పడమటి చెరువు బూడిద

"విషం కాఫీలో ఉంది. కాఫీ తెచ్చినవాడు లాకప్‌లో ఉన్నాడు. ఇంకా దేనికి మేడం, ఈ చలిలో మీకు మోకాళ్ళ నొప్పులు?"

ఇన్‌స్పెక్టర్ తలుపుకి అడ్డంగా నిలబడి అన్నాడు. నేను స్టేషన్ నడిపిన రోజుల్లో నా కింద పనిచేసినవాడే. అప్పుడు నోరారా 'అక్కా' అనేవాడు. నేను ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకున్నాక మేడం అయిపోయాను. ఆ మేడంలో ఎంత వెటకారం పడుతుందో ఇతని నోట వింటేగాని తెలీదు.

"కాఫీలో ఉందని ఎవరన్నారు?" అన్నాను.

"లాబ్ రిపోర్టు."

"ఆ రిపోర్టు నేనూ చదివాను. కప్పు అంచు మీద విషం ఉందన్నారు. కప్పులో మిగిలిన కాఫీలో లేదని ఆ కింది వాక్యంలోనే రాశారు. అంతదూరం చదివేలోపల నిద్రొచ్చిందా నీకు?"

"అంచు మీదుంటే కాఫీలో ఉన్నట్టే కదా?"

"ఎట్లా? నీ అంచు మీద మీసం ఉంది, నోట్లోనూ ఉందా?"

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ అతనికేసి చూసిన చూపుకి ఆ దగ్గు కూడా ఆగిపోయింది.

"చూడు," అన్నాను. "కాఫీలో లేని విషం అంచుకి చనిపోయినావిడ పెదాల నుంచే రావాలి. అంటే కప్పు ఎత్తకముందే విషం ఆవిడ నోట్లో ఉంది. నోరు అదోలా అయిపోయి, కడుక్కోవడానికన్నట్టు ఒక్క గుక్క కాఫీ తాగింది. అంతే, పడిపోయింది. పాపం ఆ స్టోర్‌కీపర్ చేసిన నేరమల్లా వేడి కాఫీ తేవడం."

"వాడికీ ఆవిడకీ గొడవ ఉంది. మట్టి నమూనాలు దాచే చల్లగది తలుపు తీసి వదిలేశాడని అందరిముందూ తిట్టింది."

"తలుపు మూయమన్నందుకు చంపేస్తారా? అలాగైతే మా ఇంట్లో ఎవరూ మిగలకపోదురు. తప్పుకో."

తప్పుకున్నాడు. కాదు, పక్కకి జరిగాడు. రెండింటికీ తేడా ఉంది.

చనిపోయినావిడ ఈ పరిశోధనశాలలో మట్టి చదివే మనిషి. అందరూ మట్టి మేడం అనేవారు. చెరువు అడుక్కి పొడవాటి గొట్టం దించి పైకి లాగితే అందులో నిలువునా మట్టి కడ్డీ వస్తుంది. దాని అడుగున తాతముత్తాతల ముందు నాటి మట్టి ఉంటుంది, పైన నిన్నటి మట్టి. పాతకాలంలో అగ్నిపర్వతం కక్కిన బూడిద ఆ మట్టి మధ్య తెల్లటి గీతగా ఉండిపోతుంది. ఏ చెరువులో ఆ గీత ఎంత మందంగా ఉందో చూస్తే, ఆనాటి గాలి ఎటు వీచిందో చెప్పొచ్చట. అలాంటి కడ్డీ ముందు కూర్చుని ఉండగానే ఆవిడ ప్రాణం పోయింది.

ఇది ఎవరో ఎవర్నో కక్షతో చంపిన మామూలు కేసయితే నాకింత మంట ఉండేది కాదు. ఆనాడు బూడిద కక్కిన కొండ ఇప్పుడు మళ్ళీ పొగ కక్కుతోంది. తూర్పు పక్క ఊళ్ళన్నీ ఖాళీ చేయించి, జనాన్ని బస్సుల్లో పడమటి చెరువు ఒడ్డున వేసిన శిబిరానికి తోలుతున్నారు. బూడిద ఎప్పుడూ తూర్పుకే పోతుంది, పడమర భద్రం అని ఇక్కడి పెద్ద ప్రొఫెసర్ గీసిన మ్యాపే దానికి ఆధారం. మట్టి మేడం మాత్రం చనిపోయే ముందురోజు తన అక్కకి ఫోన్ చేసి, "రేపు మీటింగులో చెప్పేస్తాను, ఈలోపల నువ్వు పిల్లల్ని తీసుకుని అక్కణ్ణించి కదులు," అంది. ఆ అక్క ఉండేది పడమటి చెరువు ఒడ్డునే. బట్టలు కుట్టుకుని ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటోంది. నన్ను పనిలో పెట్టింది ఆవిడే.

"చెల్లిని ఎవరు చంపారో తేల్చమ్మా," అంది నాతో. "చంపారంటే అది చెప్పబోయింది నిజమన్నమాట. నిజమైతే నా పిల్లలు ఇక్కడుండకూడదు. వాళ్ళే కాదు, ఎవరూ ఉండకూడదు."

పొద్దున్నించీ ఆ బస్సులు నడిపిస్తున్న సహాయ కమిటీలో కనిపించిన ప్రతి నంబరుకీ ఫోన్ చేశాను. అందరిదీ ఒకటే పాట: "ప్రొఫెసర్‌గారు చెప్తే బస్సులు ఆపుతాం." ఆయనే కమిటీకి పెద్ద. మిగతా సభ్యులందరూ ఆయన శిష్యులే. ఎవరి నోరు విప్పినా లోపల ఆయన గొంతే.

గదిలో పొడవాటి టేబుల్, దాని మీద సగానికి చీల్చిన గొట్టం, అందులో తడి మట్టి. ప్లాస్టిక్ కాగితం సగం తొలగించి ఉంది. నల్ల చార, లేత చార, మళ్ళీ నల్లచార, చీర అంచులా వరసగా. మధ్యలో అక్కడక్కడా బొటనవేలి మందాన తెల్లటి గీతలు. మూడో గీత పక్కన ఎర్రటి గుండుసూది గుచ్చి ఉంది. ఆ గీతలోంచి ఎవరో చిటికెడు గిల్లి తీసినట్టు చిన్న గుంట.

"ఆవిడ కుడిచేతికి గ్లవ్ లేదు, ఎడమచేతికి ఉంది," అన్నాను.

"కాఫీ తాగడానికి తీసింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాఫీ కప్పు మీద ఎడమచేతి గ్లవ్ మట్టి మరకలున్నాయి. దాంతోనే పట్టుకుంది. మరి కుడిచెయ్యి దేనికి ఖాళీ చేసుకుంది?"

ఆ జవాబు నాకూ మొన్నటిదాకా తెలీదు. మార్చురీలో ఆవిడ్ని చూసినప్పుడు నాకు అంతుపట్టనిది ఒకటుంది. ముప్పయ్యైదేళ్ళ మనిషికి కింది ముందుపళ్ళు ముసలివాళ్ళకి మల్లే అరిగి చదునుగా ఉన్నాయి. ఆ మాటే అక్కని అడిగితే ఫోన్లోనే ఏడుస్తూ నవ్వింది.

"ఎన్ని తిట్టినా మానలేదమ్మా. మట్టి తింటావేమిటే, చిన్నపిల్లవా అంటే, 'తినను అక్కా, కొరికి ఉమ్మేస్తాను. బూడిద వాగులో కొట్టుకొచ్చిందైతే అరిగిపోయి పళ్ళ మధ్య జారిపోతుంది. గాలి తెచ్చి పడేసిందైతే పదును పోదు, కరకరమంటుంది,' అనేది. ఏం ఉద్యోగమో ఏమో, నాకు అస్సలు నచ్చేది కాదు."

విషం ఎలా పెట్టారో నాకు అప్పుడే తెలిసిపోయింది. తెల్లటి బూడిద మీద తెల్లటి పొడి జల్లితే ఎవరికి కనిపిస్తుంది? ఆవిడ ఏ గీత కొరకబోతోందో ఆ ఎర్ర గుండుసూది ఊరంతటికీ చెప్తూనే ఉంది. తేలాల్సిందల్లా, ఆవిడ కొరుకుతుందని తెలిసినవాళ్ళెవరు?

"చల్లగది తాళం ఇటివ్వు," అన్నాను.

"అది కేసు సామాను మేడం."

"కేసు అయిపోయిందన్నావుగా? అయిపోతే సామాను లేదు. అయిపోకపోతే ఆ స్టోర్‌కీపర్ని బయటికి వదులు. రెండిట్లో ఏదో ఒకటి చెయ్యి, నా బుర్ర తినకు."

అతని ముఖం చిట్లింది. కొన్నాళ్ళుగా పై అధికారుల చేత చీవాట్లు తింటున్నాడని నాకు తెలుసు. తాళంచెవి టేబుల్ మీదకి విసిరేశాడు. "మధ్యాహ్నం లోపల తేల్చండి. ఆ తరవాత మిమ్మల్ని ఈ బిల్డింగులో కనిపించనివ్వను."

"ప్రొఫెసర్‌గారిని రమ్మన్నాను. ఆయన వచ్చినప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే. నోరు మూసుకుని నిలబడు. కష్టమే, అయినా ప్రయత్నించు."

చల్లగదిలోకి వెళ్ళి వచ్చేసరికి నా మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి. ఇన్‌స్పెక్టర్ అన్నమాట ఆ ఒక్క విషయంలో నిజమైంది. రెండు చిన్న కాగితాల్లో రెండు చిటికెల మట్టి పొట్లం కట్టి చీర కొంగున ముడేసుకున్నాను.

ప్రొఫెసర్‌గారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు. బయట వాన ముసురు పట్టి ఉంది. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, చేతిలో మడత నలగని రుమాలు. టేబుల్ కేసి చూసి కళ్ళు తుడుచుకున్నారు.

"నా కూతురనుకోండమ్మా. ఈ కడ్డీ ఎండిపోతే దాని కష్టమంతా మట్టిపాలు. మీరు సీలు తీసేస్తే నా గదిలో భద్రంగా పెట్టుకుంటాను."

"అలాగే పెట్టుకుందురుగాని. మాకింకేం పని సార్, కాఫీ తెచ్చినవాడు దొరికాడు. కాస్త ఇదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్తారా? ఫైల్లో నాలుగు ముక్కలు రాయకపోతే మా ఇన్‌స్పెక్టర్‌గారికి తృప్తి ఉండదు."

ఇన్‌స్పెక్టర్ పళ్ళు పటపటలాడించడం నాకు వినిపించింది. నోరు మాత్రం విప్పలేదు. మెచ్చుకోవాలి.

ఆయన ముఖం వెలిగింది. పాఠం చెప్పమంటే వద్దనే మాస్టారు ఉండరు. "నల్ల చార వానాకాలంలో వాగు తెచ్చిన ఒండ్రు. లేత చార ఎండాకాలానిది. రెండు చారలు కలిస్తే ఒక ఏడు. తెల్లగా ఉన్నవి బూడిద."

"ఈ మూడో గీత నల్లచార మీద ఉందేం సార్? అంటే వానాకాలంలో పడిందా?"

ఒక్క క్షణం ఆగారు. "పడింది కాదు. ఎక్కడో తూర్పున పడ్డ బూడిద వాగులో కొట్టుకొచ్చి చేరింది. గాలి పడమటికి బూడిద తేదు."

"సగం గొట్టమే ఉందేమిటి? రెండో సగం ఏమైంది?"

"నిలువునా చీలుస్తాం. ఇది పని సగం. దీన్ని గిల్లుతాం, కొలుస్తాం. రెండోదాన్ని సాక్షి సగం అంటాం. చల్లగదిలో ఉంటుంది. ఎవరూ ముట్టుకోరు."

"మరి వాగు తెచ్చిందా, గాలి తెచ్చిందా అని ఎలా కనుక్కుంటారు?"

"మైక్రోస్కోపు."

"మీ చిన్నప్పుడూ ఇన్ని మైక్రోస్కోపులు ఉండేవా?"

ఆయన హాయిగా నవ్వారు. "పడవలో మైక్రోస్కోపు ఎవరు మోస్తారమ్మా? మాకు పళ్ళే మైక్రోస్కోపు."

"అబ్బే! మట్టి కొరుకుతారా? నేను నమ్మను."

కొంగుముడి విప్పి మొదటి పొట్లం చేతికిచ్చాను. "ఇదేమిటో చెప్పండి చూద్దాం."

చిటికెన వేలితో అద్ది, ముందుపళ్ళ మధ్య పెట్టుకుని రెండుసార్లు కొరికి, రుమాల్లోకి ఉమ్మారు. పెళ్ళిభోజనంలో పాయసం రుచి చూసినంత ఇష్టంగా చేశారా పని. "ఒండ్రు. వానాకాలపు నల్ల ఒండ్రు. మెత్తగా జారిపోయింది, చూశారా?" అంటూ నవ్వారు. కింది ముందుపళ్ళు అరిగి చదునుగా ఉన్నాయి.

అచ్చం మార్చురీలో చూసిన పళ్ళే. గుర్తుపట్టిన సంగతి మొహంలోకి రానివ్వలేదు.

"ఈ విద్య ఎంతమందికి నేర్పారు సార్?"

"ఎవరు నేర్చుకుంటారమ్మా, అందరికీ అసహ్యం. ఆ పిల్లొక్కతే నేర్చుకుంది. అది కూడా నలుగురిలో చేసేది కాదు, సిగ్గు." ఆ మాట అంటూ మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. అవి నిజం కన్నీళ్ళే అనుకుంటాను. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండో పొట్లం విప్పాను. తెల్లటి పొడి. "ఇది ఆ మూడో గీత. గాలిదా, వాగుదా? మీరు చెప్తే అదే రాసుకుంటాను."

చెయ్యి చాచారు. వేలికి అద్దుకున్నారు. నలభై ఏళ్ళ అలవాటు కదా, వేలు దానంతట అదే పైకి లేచింది. గడ్డం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.



"దీన్ని... మైక్రోస్కోపు కింద చూడాలి," అన్నారు.

"ఇందాకటిదానికి అక్కర్లేకపోయిందే?"

"బూడిదంటే గాజుపొడి లాంటిది. పళ్ళు అరుగుతాయి."

"అరగడానికి ఇంకా ఏం మిగిలాయని సార్? పెట్టుకోండి. చిటికెడే కదా."

"వయసు మీద పడింది. ఇలాంటివి మానేశాను."

"ఎప్పుడు మానేశారు? ఇప్పుడే నా కళ్ళముందా?"

ఆయన వేలిని రుమాలుకి తుడిచారు. ఒకసారి కాదు. తుడిచి, మడిచి, మళ్ళీ తుడిచారు. ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకున్నవాడల్లా నిటారుగా అయ్యాడు. ఎంత మొద్దు బుర్రకైనా ఒక్కోసారి వెలుగొస్తుంది.

"కంగారు పడకండి," అన్నాను. "రెండు చిటికెలూ సాక్షి సగంలోంచే తెచ్చాను. ఎవరూ ముట్టుకోనిదని ఇప్పుడే మీరే చెప్పారుగా. దాంట్లో ఏ విషమూ లేదు. పసిపిల్ల నోట్లో పెట్టినా ఏమీ కాదు. విషం టేబుల్ మీదున్న ఈ సగంలో ఉంది. ఆ సంగతి ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు. మీకెలా తెలుసు?"

ఇక్కణ్ణించి ఆయనకి 'గారు' తగిలించడం నా వల్ల కాదు.

రుమాలు నాలుగు మడతలు పెట్టాడు. తరవాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ మెత్తటి గొంతు అలాగే ఉంది. "ఒక్క వారం ఆగమన్నాను. కాళ్ళావేళ్ళా పడ్డాననుకోండి. ఇరవై ఏళ్ళ కిందటి నా మ్యాప్ చూసి పడమట స్కూళ్ళు కట్టారు, ఆస్పత్రి కట్టారు. అంతా తప్పని రేపు నలుగురిలో నిలబడి చెప్తానంటుందా? ఎవరి దగ్గర నేర్చుకుంది? చెరువంటే ఏమిటో తెలియని పిల్లని పడవెక్కించి..."

"అందుకని దాని నోట్లోనే పెట్టావా?" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు నేర్పిన పనే, నువ్వు చెప్పినట్టే చేస్తుందని నమ్మకంతో!"

"నేనేమీ ఒప్పుకోలేదు," అన్నాడు నిదానంగా. "ముసలాడు మట్టి నాకనన్నాడని ఏ కోర్టూ ఉరెయ్యదు."

"నిజమే మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది చాలదు. కానీ ఆ టేబుల్ మీది గీతలో విషం దొరికితే..."

అప్పుడే నా ఫోన్ మోగింది. మట్టి మేడం అక్క. స్పీకర్ నొక్కి టేబుల్ మీద పెట్టాను. వెనక జనం గోల, వాన చప్పుడు, ఎక్కడో బస్సు హారన్.

"అమ్మా, ఇక్కడేదో అవుతోంది. చూరు కింద ఆరేసిన బట్టల మీద బూడిద రంగు మరకలు. వానతోపాటే పడుతోంది. పిల్లలు తిండి నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తున్నారు. చిన్నది ఏడుస్తోంది, కరకరమంటోందట. నేనూ చూశాను. కరకరమంటోందమ్మా! చెల్లి చెప్పినట్టే. ఇంకా బస్సులు వస్తూనే ఉన్నాయి. ఎక్కడ పడితే అక్కడ జనాన్ని దింపేస్తున్నారు."

మట్టి మేడం వేల ఏళ్ళ నాటి బురదలో చూసిన గాలి ఇప్పుడు ఆవిడ అక్క పెరట్లో వీస్తోంది.

"బస్సులు ఆపు," అన్నాను ఇన్‌స్పెక్టర్తో.

"నా చేతిలో లేదు. పైనుంచి ఆర్డరు. కమిటీ చెప్పాలి."

ఇద్దరం కుర్చీలో ఉన్న మనిషికేసి చూశాం. వాడికి తెలుసు. మేం చూస్తామని ముందే తెలుసు.

"నేనొక్క ఫోన్ చేస్తే చాలు," అన్నాడు. "ఉత్తరం పక్కకి తిప్పమంటాను. అక్కడైతే ఏ కాలంలోనూ బూడిద రాదు. కాకపోతే..." టేబుల్ మీది గొట్టం కేసి రుమాలు విసిరాడు. "ఆ మూడో గీత ఆ సింకులో కలిసిపోవాలి. నా కళ్ళముందు."

"నీ కడుపుకి ఏం తింటున్నావురా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అక్కడ పసిపిల్లలున్నారు."

"అందుకే త్వరగా తేల్చుకోమంటున్నాను."

"వీల్లేదు!" ఇన్‌స్పెక్టర్ టేబుల్‌కీ నాకూ మధ్యలోకి వచ్చాడు. "అది సాక్ష్యం మేడం. అదొక్కటే ఉంది. అది పోతే వీణ్ణి ఎవడూ ఏమీ చెయ్యలేడు. నా ఉద్యోగం కూడా పోతుంది."

"నిన్నటిదాకా బురద అన్నావుగా?"

"అక్కా, ఒక్క నిమిషం..."

ఎన్నేళ్ళకో ఆ మాట అతని నోట వచ్చింది. ఇద్దరికీ తెలిసింది, ఇద్దరం ఎరగనట్టు ఊరుకున్నాం. తీర్పు మా ఇద్దరిదీ కాదు. ఫోన్ కేసి వంగాను. "విన్నావామ్మా?"

 

"విన్నాను," అంది అక్క. ఏడవడం లేదు. "నా చెల్లిని తిన్నవాడు కళ్ళముందు కూర్చుని బేరమాడుతుంటే వింటున్నాను. పారబోసెయ్యండి. అది ప్రాణం పోగొట్టుకుంది ఈ బస్సులు ఆపడానికే కదా. ఆపించండి ముందు."

గ్లవ్స్ తొడుక్కున్నాను. మట్టి గీకే సన్నటి రేకు తీసుకుని మూడో గీత మొత్తం గీకాను. సింకులో వేసి కుళాయి తిప్పాను. తెల్లగా, పాలవిరుగుడులా తిరిగి తిరిగి కిందికి పోయింది. ఆవిడ గిల్లిన గుంట కూడా పోయింది. ఇన్‌స్పెక్టర్ కిటికీ కేసి తిరిగి నిలబడ్డాడు. అతని వీపు చూస్తే అర్థమైంది, అతనికీ కడుపు మండుతోందని.

వాడు తీరిగ్గా లేచి, గొట్టంలోకి తొంగిచూసి, తృప్తిపడి, ఫోన్ తీశాడు.

"నేనే. బస్సులన్నీ ఉత్తరానికి తిప్పండి. ఆ, పడమటి శిబిరం వెంటనే ఖాళీ చేయించండి. వానాకాలంలో గాలి తిరుగుతుంది. అవునవును, కొత్తగా తేలింది. పడమటి చెరువు మట్టిలో గాలి తెచ్చిన బూడిద ఉంది. లేదు లేదు, ఇంకెవరూ లేరు. నేనే కనుక్కున్నాను."

అవతల ఎవరో పొగుడుతున్నట్టున్నారు. వాడు కళ్ళు దించుకుని, వినయంగా, "ఎంతమాట, నా ధర్మం," అన్నాడు.

ఆవిడ ప్రాణం తీశాడు. ఇప్పుడు ఆవిడ జీవితమంతా చేసిన పనిని కూడా జేబులో వేసుకున్నాడు. మనిషిని కొట్టాలని నా చెయ్యి అంతగా ఎప్పుడూ దురద పెట్టలేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని గొడుగు అందుకున్నాడు. "ఇక నన్ను వెళ్ళనిస్తారా?"

"ఒక్క మాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గర్నించే. ఇటు తిరిగేసరికి అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. సిగ్గుతోనో కోపంతోనో నేను చెప్పలేను. "అక్కా, ఆవిడ కుడిచేతి గోళ్ళలో మట్టి ఉంటే డాక్టరు గీకి కవర్లో పెట్టి సీలు చేశాడు. నా బీరువాలో ఉంది."

"పరీక్షకి పంపలేదా?"

"పంపలేదు. కాఫీ అనుకున్నాను కదా. దేనికిలే అని పక్కన పడేశాను."

దొరికినన్ని తిట్లు నాలుక చివర దాకా వచ్చాయి. అన్నీ మింగేశాను. పంపి ఉంటే రిపోర్టు వచ్చేది, వీడికి తెలిసేది, వీడు ఈపాటికి ఇంకేదో ఎత్తు వేసేవాడు. "నీ బద్ధకానికి దణ్ణం పెడతాన్రా," అన్నాను. నిజంగానే అన్నాను.

ప్రొఫెసర్ ముఖంలో రంగు పోయింది. కానీ ఎంతోసేపు కాదు. గుమ్మం దగ్గర ఆగి, గొడుగు సర్దుకున్నాడు.

"పరీక్షకి పంపండి. వారమో పది రోజులో పడుతుంది. రేపు పొద్దున పేపర్లో వేలమందిని కాపాడిన మనిషిగా నా ఫొటో ఉంటుంది. ఒక బద్ధకస్తుడైన పోలీసు బీరువాలోంచి తీసిన గోటి మట్టిని, సాక్ష్యం సింకులో పారబోసిన ఆవిడ మాటని, ఆ ఫొటో పక్కన పెట్టి చూడమనండి. ఎవర్ని నమ్ముతారో చూద్దాం."

"ముందు స్టేషన్‌కి పదండి. ఫొటో అక్కడ కూడా తీస్తాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మోచెయ్యి పట్టుకుని. కానీ అతని గొంతులో ధీమా లేదు. వాడి మాటలో నిజం ఉందని ముగ్గురికీ తెలుసు. మెట్ల మీద ఎదురుపడ్డ ఉద్యోగులు అప్పుడే వార్త విన్నట్టున్నారు. ఇద్దరు వంగి వాడి కాళ్ళకి దణ్ణం పెట్టబోయారు.

గదిలో నేనూ, ఖాళీ అయిన గీతా మిగిలాం. చల్లగది తాళంచెవి పిడికిట్లో బిగించాను. సాక్షి సగం ఇంక నా కళ్ళు దాటి పోకూడదు. గోళ్ళలో మట్టి ఆ మూడో గీతదేనని పోల్చి చూపడానికి మిగిలింది అదొక్కటే. దాని జోలికి వాడి శిష్యులు ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో తెలీదు.

టేబుల్ మీద ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అక్క లైన్లోనే ఉందని నేను మర్చేపోయాను.

"అమ్మా, బస్సులు వెనక్కి తిరుగుతున్నాయి," అంది. "మమ్మల్ని కూడా ఎక్కమంటున్నారు. పిల్లల్ని ఎక్కించాను. చిన్నదాని మూతికి తడిగుడ్డ కట్టాను."

"మంచిది. నువ్వూ ఎక్కు తల్లీ, ఆలస్యం చెయ్యకు."

"ఎక్కుతాను. ఒక్కటి చెప్పండి. అంతా వినపడలేదు, వాన గోల. ఫోన్లో అందరికీ చెప్పాడు కదా, ఎవరు కనుక్కున్నారో." ఫోన్ నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నట్టుంది. "మా చెల్లి పేరు చెప్పాడా?"

"లేదమ్మా," అన్నాను.

బస్సు ఇంజను రొద, ఎవరో తొందరపెడుతున్న కేకలు. ఆవిడ నోట్లో బూడిద ఉమ్మిన చప్పుడు.

"అయితే మీ పని ఇంకా అయిపోలేదు," అంది. ఫోన్ పెట్టేసింది.